ఒక్కడే పరిగెత్తితే ప్రెస్ కాదు

నెల్లూరులో మా ఆదివారం ఫుట్‌బాల్ బ్యాచ్‌లో ఒకడున్నాడు. బాల్ ఎక్కడుంటే అక్కడికి ఒంటరిగా పరిగెత్తుతాడు, పది నిమిషాలకే నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడతాడు. "నేను ప్రెస్ చేస్తానే ఉండా, మీరే రావట్లేదు" అని పైగా మా మీద ఎగురుతాడు. ప్రెస్ అంటే బాల్ ఉన్న అవతలివాళ్ల మీదికి జట్టంతా కలిసి వెళ్లి బాల్ లాక్కోవడం. వాడన్నదీ సగం నిజమే, ఎందుకంటే మిగతావాళ్లు కదలకపోతే వాడి వెనక ఖాళీ అయిన చోటు అవతలివాళ్లకి అప్పనంగా దొరుకుతుంది.

సరే, మీరే ఒక దేశం జట్టుకి కోచ్ అనుకోండి, పైకెళ్లి ప్రెస్ చేసే అటాకింగ్ ఆట ఆడించాలి. మొదటి చిక్కు టైమ్. క్లబ్ కోచ్‌కి ప్లేయర్లు రోజూ దొరుకుతారు, మీకు మ్యాచ్ ముందు కొద్ది రోజులే. కాబట్టి పేరున్నవాళ్ల కంటే క్లబ్‌లో ఇప్పటికే ఇలా ఆడుతున్నవాళ్లని ఏరుకోండి. జర్మనీకి చెందిన రాంగ్నిక్ కోచ్‌గా ఆస్ట్రియాకి కలిసొచ్చింది ఇదే, సాల్జ్‌బర్గ్, లైప్‌జిగ్ లాంటి క్లబ్బుల్లో ఈ ఆట వంటబట్టినవాళ్లు ఆయనకి దొరికారు. 2024 యూరో కప్‌లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఉన్న గ్రూపులో వాళ్లే పైన నిలిచారు.

ఫార్మేషన్ 4-3-3 పెట్టుకోండి, అంటే వెనక నలుగురు డిఫెండర్లు, మధ్యలో ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముందు ముగ్గురు: నడుమ స్ట్రైకర్, రెండు అంచుల్లో వింగర్లు. గోల్ కిక్‌ని గోల్ ముందుండే బాక్స్ లోపలే సొంతవాళ్లు అందుకోవచ్చని 2019లో రూల్ మారింది కదా, అప్పటినుంచి చాలా జట్లు కీపర్ పక్కనే చిన్న పాస్‌తో మొదలెడుతున్నాయి. మన వేట అక్కడే. స్ట్రైకర్ నేరుగా మీదికి వెళ్లకూడదు, ఒంపు తిరిగి వెళ్లాలి, రెండో సెంటర్ బ్యాక్‌కి (నడిమి డిఫెండర్‌కి) పాస్ వెళ్లే దారిలో తను ఉండేట్టు. ఇక బాల్ వెళ్లేది అంచున ఉండే డిఫెండర్‌కే, అంటే ఫుల్ బ్యాక్‌కే. కబడ్డీలో రైడర్‌ని కార్నర్ దాకా రానిచ్చి చైన్ వేస్తారే, అచ్చం అట్టానే. బాల్ ఆ ఫుల్ బ్యాక్ దగ్గరికి వెళ్తుండగానే మన వింగర్ దూకాలి, దగ్గరి మిడ్‌ఫీల్డర్ వాళ్ల మిడ్‌ఫీల్డర్‌ని పట్టుకోవాలి, స్ట్రైకర్ వెనక్కిచ్చే పాస్ మూసేయాలి. రెండో అంచున ఉన్న మన వింగర్ తన మనిషిని వదిలేసి మధ్యలోకి రావాలి. ఆ దూరపు మనిషి ఖాళీగా ఉన్నాడని కంగారు పడకండి, గ్రౌండ్ అడ్డంగా బాల్ వెళ్లేలోపు సర్దుకోవచ్చు.

ఎప్పుడు దూకాలో చెప్పడానికి మూడు గుర్తులు చాలు, అంతకంటే ఎక్కువ చెప్తే ఎవడికీ గుర్తుండదు. బాల్ ఫుల్ బ్యాక్‌కి వెళ్లడం, ఎవడైనా టచ్ తప్పడం, మన గోల్ వైపు వీపు పెట్టి బాల్ అందుకోవడం. వీటిలో ఏదీ లేకపోతే నిలబడి చూడండి.

అసలు కష్టం వెనకాల. ముందు ముగ్గురూ పైకెళ్లి డిఫెండర్లు బాక్స్ దగ్గరే ఉంటే మధ్యలో ఎద్దుల బండి తోలొచ్చు. వాళ్లు మిడ్ లైన్ దాకా రావాల్సిందే, కీపర్ కూడా బాక్స్ వదిలి రావాలి. 2014 వరల్డ్ కప్‌లో అల్జీరియా మీద కీపర్ నోయర్ అట్టా వచ్చే జర్మనీని కాపాడాడు. 2010 వరల్డ్ కప్‌లో బియెల్సా కోచ్‌గా ఉన్న చిలీకి మాత్రం ఇదే ఎదురుతిరిగింది: స్పెయిన్ మ్యాచ్‌లో చిలీ కీపర్ బ్రావో బాక్స్ బయటికొచ్చి కొట్టిన బాల్ నేరుగా స్పెయిన్ ప్లేయర్ వియ్యా దగ్గర పడింది, అతను దూరం నుంచే ఎడమ కాలితో ఖాళీ గోల్‌లోకి పంపాడు. ఆ రిస్క్ పూర్తిగా పోదు, తగ్గించుకోవచ్చంతే. బాల్ ఉన్నవాడు తీరిగ్గా తలెత్తి చూస్తున్నాడా, మీ డిఫెండర్ల లైన్ వెనక్కి పరిగెత్తాలి. అతని మీద మనిషి ఉన్నాడా, పైకి రావాలి.

తొంభై నిమిషాలూ ఇట్టా ఆడటం ఎవరివల్లా కాదు. మొదటి పావుగంట, హాఫ్‌టైమ్ తర్వాత కాసేపు గట్టిగా చేసి మధ్యలో బాల్ మన దగ్గరే పెట్టుకుని ఊపిరి తీసుకోండి. ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి కాబట్టి అరవయ్యో నిమిషానికి ముందువాళ్లని మార్చండి. రోహిణి కార్తెలో మా గ్రౌండ్‌లో అయితే ఇరవయ్యో నిమిషానికే మార్చాలనుకోండి.

ప్రాక్టీస్ పరుగుతో మొదలెట్టొద్దు. మేం బాల్ చేత్తో పట్టుకుని ఒక్కో చోటికీ నడిచి వెళ్తాం, అందరూ నడుస్తూనే తమ చోటికి రావాలి. ఎవడు ఆలస్యమో నడకలోనే తెలిసిపోతుంది. మావాడికి కూడా ఒకటే చెప్పాం, వింగర్ కదలకముందు నువ్వు కదలొద్దని. మొన్న మూడుసార్లు ఆగాడు, మూడుసార్లూ బాల్ దొరికింది. నాలుగోసారి మళ్లీ ఒంటరిగా పరిగెత్తాడు.