పరిశోధనకు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని ఎలా వాడుకోవాలి?

పీహెచ్‌డీ స్కాలర్లలో చాలామంది లైబ్రరీ కౌంటర్ చుట్టూ తిరిగేది చివరి నెలలోనే. ఒకసారి సిమిలారిటీ రిపోర్టుకు (థీసిస్ ఇతర రచనలతో ఎంత శాతం కలుస్తోందో చెప్పేది), ఇంకోసారి నో డ్యూస్ సంతకానికి. ఆ రెండూ తప్పవు. కానీ లైబ్రరీ వల్ల అసలు లాభం మొదటి ఏడాదిలో ఉంది: ఏ మాటలతో వెతకాలి, ఎక్కడ వెతకాలి, దొరకనిది ఎలా తెప్పించుకోవాలి అన్న దగ్గర. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని, ఒక్క అంశాన్ని ఉదాహరణగా పట్టుకొని ఆ వరుస చూద్దాం. అంశం ఇది: తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల పునరుద్ధరణ, దానివల్ల భూగర్భ జలాల్లో వచ్చిన మార్పు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మీద పనిచేసేవారికి ఎటూ ఇదే దారి.

1. ముందు తాళాలన్నీ చేతికి తెచ్చుకోండి

చేరిన వారంలోనే లైబ్రరీలో మూడు అడిగి తీసుకోండి: సభ్యత్వ కార్డు, ఆన్‌లైన్ క్యాటలాగ్ (ఓపాక్) పాస్‌వర్డు, క్యాంపస్ బయటి నుంచి ఈ-జర్నళ్లు తెరిచే లాగిన్. ఈ మూడోది చాలాచోట్ల గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే యూజీసీ కేంద్రం) నడిపే ఇన్‌ఫెడ్ ద్వారా వస్తుంది. ప్రచురణకర్త సైటులో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే మీట నొక్కి, జాబితాలో మీ విశ్వవిద్యాలయం పేరు ఎంచుకోవాలి. విశ్వవిద్యాలయం పేరు మారి ఉంటే పాత పేరుతోనూ వెతకండి.

లాగిన్ పనిచేస్తోందో లేదో క్యాంపస్ వైఫైలో ఉండి తేల్చుకోవద్దు. అక్కడ ఐపీ అడ్రసును బట్టే వ్యాసం తెరుచుకుంటుంది కాబట్టి లాగిన్ పాడైనా తెలియదు. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో ఒక చందా వ్యాసం తెరిచి చూడండి. సెలవుల్లో ఊరెళ్లాక తెరుచుకోకపోతే అడగడానికి కౌంటర్లో ఎవరూ ఉండరు.

2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకుడికి కూడా ఇది పెద్ద మార్పే. ఇది జర్నళ్ల పథకమని మాత్రం గుర్తుంచుకోండి. ఈ-పుస్తకాలు, వ్యాసాల వివరాలు వెతికిపెట్టే స్కోపస్ లాంటి సూచీలు మీ దగ్గర ఉన్నాయో లేదో విడిగా అడగాలి.

ఒక హెచ్చరిక. జర్నల్ సంచికలు మొత్తం వరసపెట్టి దించుకోవడం, దానికి సాఫ్ట్‌వేర్ వాడటం చేయొద్దు. ప్రచురణకర్త దాన్ని పసిగట్టి ఐపీని ఆపేస్తే క్యాంపస్ మొత్తానికి ఆ సైటు మూతపడుతుంది.

2. వెతికే మాటలు కాగితం మీద పెట్టండి

అన్వేషణ ఎక్కువగా చెడేది ఇక్కడే. చెరువును ఇంగ్లిష్ వ్యాసాల్లో ‘ట్యాంక్’ అంటారు. ఆ ఒక్క మాట కొడితే నీళ్ల ట్యాంకులు, చేపల తొట్లు, యుద్ధ ట్యాంకులు అన్నీ వచ్చి పడతాయి. కాబట్టి అంశాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద సాటి మాటలు రాసుకోండి.

మొదటి ముక్క, వస్తువు: ట్యాంక్ ఇరిగేషన్, మైనర్ ఇరిగేషన్, ట్యాంక్ రిహాబిలిటేషన్, పూడికతీతకు డీసిల్టింగ్. గొలుసుకట్టుకు ‘క్యాస్కేడ్’ అన్న మాట తప్పక చేర్చండి. శ్రీలంక చెరువుల మీద రాసినవారు వాడేది అదే, పోల్చి చూడటానికి అక్కడ మంచి సాహిత్యం ఉంది. తమిళనాడు వ్యాసాల్లో ‘ఏరి’ కనిపిస్తుంది. రెండో ముక్క, ఫలితం: గ్రౌండ్‌వాటర్, వాటర్ టేబుల్, రీఛార్జ్. మూడో ముక్క, చోటు: తెలంగాణతో ఆగిపోకండి. 2014 జూన్ 2కు ముందు అచ్చయిన వ్యాసాల్లో ఇదే నేల ఆంధ్రప్రదేశ్ పేరు కింద ఉంటుంది, ఇంకా వెనక్కి వెళితే హైదరాబాద్ స్టేట్ కింద ఉంటుంది. తెలంగాణ అని మాత్రమే వెతికి ‘ఈ అంశం మీద పని జరగలేదు’ అని రాసేస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఒకే ముక్కలోని మాటలను బ్రాకెట్లో పెట్టి మధ్య ‘ఆర్’ వేయండి. ముక్కకూ ముక్కకూ మధ్య ‘ఆండ్’. రెండు పదాలు పక్కపక్కనే రావాలంటే కొటేషన్ గుర్తులు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి. ఇది స్కోపస్‌లో పనిచేస్తుంది, గూగుల్ స్కాలర్‌లో చేయదు. స్కాలర్‌లో ‘ఆర్’ను ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లోనే కొట్టాలి, ఫలితాలు లక్ష ఉన్నాయని చూపించినా అది వెయ్యికి మించి తెరవనివ్వదు.

వెతికిన ప్రతిసారీ ఒక ఎక్సెల్ షీటులో అయిదు గడులు నింపండి: తేదీ, డేటాబేస్, వాడిన మాటల వరుస, వచ్చినవి ఎన్ని, ఉంచుకున్నవి ఎన్ని. సాహిత్య సమీక్ష అధ్యాయం రాసేటప్పుడు ‘ఎలా వెతికారు’ అన్నదానికి ఈ షీటే జవాబు. తేదీ మాత్రం వదలొద్దు.

3. ఈ కాగితంతో లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి

‘చెరువుల మీద ఏమైనా ఉన్నాయా సార్?’ అని అడిగితే ఒక అర చూపిస్తారు. అంశాన్ని అయిదారు వాక్యాల్లో రాసి, మాటల పట్టిక, ఇప్పటికే చదివిన మూడు మంచి వ్యాసాలు కూడా తీసుకెళ్లి, ‘ఇవి నా దగ్గరున్నాయి, ఇంకా ఏ డేటాబేసులు చూడాలి?’ అని అడగండి. రిఫరెన్స్ విభాగంలో అరగంట కూర్చునే వీలుందా అని ముందే కనుక్కోండి. కొత్త సెమిస్టర్ మొదటి వారాల్లో సభ్యత్వాల రద్దీ ఉంటుంది, అప్పుడు వెళ్లొద్దు.

4. అర దగ్గర

డ్యూయీ దశాంశ పద్ధతి వాడే లైబ్రరీలో మీ అంశం ఒక్కచోట ఉండదు. నీటిని ఆర్థిక వనరుగా చూసే పుస్తకాలు 333.91లో, కట్టలు తూముల ఇంజనీరింగు 627.52లో, పొలానికి నీరు పెట్టే వ్యవసాయ పుస్తకాలు 631.587లో, ప్రాంత చరిత్ర 954.84లో ఉంటాయి. ఒక్కో దగ్గర అటూ ఇటూ రెండేసి అరలు చూడండి. తెలుగు సాహిత్యం మీద పనిచేసేవారికి 894.827.

ఓపాక్‌లో తెలుగు పుస్తకాలు వెతకడం వేరే తలనొప్పి. కొన్ని రికార్డులు తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లిష్ లిపిలో ఉంటాయి. దీర్ఘాన్ని ఒకరు రెండు అక్షరాలతో, ఇంకొకరు ఒకే అక్షరంతో రాస్తారు. ‘వీరేశలింగం’ పేరు ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే పుస్తకం లేదనుకోకండి. ఇంకో రెండు మూడు స్పెల్లింగులతో, పుస్తకం పేరుతో కూడా కొట్టి చూడండి.

5. శోధగంగ: ఎలా చదవాలి

భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో ఉంటాయి. నమోదైన సినాప్సిస్‌ల (పరిశోధన ప్రతిపాదనల) కోసం శోధగంగోత్రి ఉంది. మీ అంశం మీద ఇంకెవరైనా పనిచేస్తున్నారేమో చూడటానికి రెండోదే మేలు, ఎందుకంటే పూర్తికాని పని మొదటిదానిలో కనిపించదు.

శోధగంగలో థీసిస్ అధ్యాయాల వారీగా వేరు వేరు పీడీఎఫ్‌లుగా ఉంటుంది. ముందు చివరి ఫైలు తెరిచి గ్రంథసూచి చూడండి. ఇరవై ఏళ్ల నాటి థీసిస్ విశ్లేషణ పాతబడినా గ్రంథసూచిలో మీకు తెలియని ప్రభుత్వ నివేదికలు దొరుకుతాయి. తెలుగులో రాసిన థీసిస్‌లతో ఒక చిక్కు ఉంది. స్కాన్ చేసినవి బొమ్మలే, లోపలి మాటలు వెతుకులాటకు అందవు. అను ఫాంట్లలో టైపు చేసినవి కంటికి తెలుగులా కనిపించినా కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కాబట్టి తెలుగు థీసిస్‌లను శీర్షిక, విభాగం, గైడు పేరు ద్వారా పట్టుకోవాలి.

6. మీ దగ్గర లేనిది తెప్పించుకోండి

ముందు ఉచిత ప్రతి ఉందేమో చూడండి. గూగుల్ స్కాలర్ సెట్టింగుల్లో ‘లైబ్రరీ లింక్స్’లోకి వెళ్లి మీ విశ్వవిద్యాలయం పేరు కలిపితే, చందా ఉన్న వ్యాసాల పక్కన లంకె కనిపిస్తుంది. బ్రౌజరులో అన్‌పేవాల్ పెట్టుకుంటే రచయిత చట్టబద్ధంగా పెట్టిన ప్రతి చూపిస్తుంది. అక్కడా లేకపోతే అంతర గ్రంథాలయ రుణం అడగండి. మీ లైబ్రరీకి డెల్‌నెట్ (లైబ్రరీలు పుస్తకాలు పంచుకునే నెట్‌వర్క్) సభ్యత్వం ఉంటే ఇతర లైబ్రరీల నుంచి పుస్తకం గానీ వ్యాసం ప్రతి గానీ తెప్పిస్తారు. అభ్యర్థనలు తిరిగి వచ్చేది వివరాలు సగం రాయడం వల్లే: రచయిత, వ్యాసం పేరు, జర్నల్ పూర్తి పేరు, సంపుటి, సంచిక, ఏడాది, పేజీలు అన్నీ ఇవ్వండి. పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో విశ్వవిద్యాలయాల ఉమ్మడి క్యాటలాగ్ ఇన్‌డ్‌క్యాట్‌లో ముందే చూసి రాస్తే పని సగం తగ్గుతుంది.

పాత ప్రభుత్వ పత్రాలు కావాలంటే క్యాంపస్ దాటాలి. నిజాం కాలపు రికార్డులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, పాత పుస్తకాలు పత్రికలకు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. గైడు, శాఖాధిపతి సంతకాలతో పరిచయ లేఖ తీసుకెళ్లండి. నిజాం పత్రాల్లో ఏడాది ఫసలీలో (అప్పటి రెవెన్యూ సంవత్సరం) ఉంటుంది; దానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం ఏడాది వస్తుంది, జనవరి నుంచి ఉన్న నెలలకు 591 కలపాలి. చెరువుల లెక్కకు చిన్ననీటి వనరుల ఆరో గణన చూడండి. అది 2017-18 ప్రాతిపదికన జరిగింది, నీటి వనరుల మొదటి గణన కూడా దానితో పాటే జరిగింది; రెండు నివేదికలూ 2023లో వెలువడ్డాయి.

7. ఆధారాలు, పేర్లు

చదివిన ఆధారాలను దాచి గ్రంథసూచి తయారుచేసే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మొదటి రోజే పెట్టుకోండి. దాని ఆన్‌లైన్ ఉచిత స్థలం 300 ఎంబీయే. పీడీఎఫ్‌లు చేర్చుకుంటూ పోతే త్వరగా నిండుతుంది, వాటిని కంప్యూటర్లోనే ఉంచండి. తెలుగు పేర్లను మాత్రం చేత్తో సరిచేయక తప్పదు. ‘సురవరం ప్రతాపరెడ్డి’ని సాఫ్ట్‌వేర్ చివరి మాటే ఇంటిపేరనుకుని తిరగేసి పెడుతుంది. ఇంటిపేరు గడిలో సురవరం ఉందో లేదో దిగుమతి అయిన వెంటనే చూడండి. మూడు వందల ఆధారాలు చేరాక వెతికి దిద్దడం నరకం.

8. సిమిలారిటీ రిపోర్టు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది వరకు థీసిస్ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. ఆ మినహాయింపులు పెట్టి రిపోర్టు తీశారో లేదో అడగండి. శాతం ఉన్నట్టుండి పెరిగిందంటే చాలాసార్లు కారణం గ్రంథసూచి కలిసిపోవడమో, మీరే ముందు ప్రచురించిన వ్యాసంతో పోలిక రావడమో.

అధ్యాయం అధ్యాయానికీ ముందే ఒకసారి చూపించుకోండి. తెలుగు థీసిస్ అయితే యూనికోడ్‌లోకి మార్చాకే ఇవ్వండి. అను ఫాంటు ఫైలుకు సున్నా శాతం వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదనే అర్థం.

9. చివరి పనులు

నో డ్యూస్‌కు నెల ముందే ఓపాక్‌లో మీ ఖాతా తెరిచి చూడండి. తిరిగి ఇచ్చిన పుస్తకం రికార్డులో ఇంకా మీ పేరు మీదే ఉండిపోతుంటుంది; అర దగ్గర ఆ పుస్తకం ఉందేమో చూసి, ఉంటే దాన్ని తీసుకెళ్లి కౌంటర్లో చూపిస్తే చాలు. పోగొట్టుకున్నది ఉంటే అదే కూర్పు కొని తెచ్చే గడువు ఉంటుంది. డిగ్రీ ప్రకటించే ముందు విశ్వవిద్యాలయం థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపాలి. ఆ ప్రతిని మీరే యూనికోడ్‌లో, అధ్యాయాల వారీ పీడీఎఫ్‌లుగా చేసి ఇవ్వండి. స్కాన్ చేసినది ఇవ్వకండి. శోధగంగలో కనిపించాక ప్రతి ఫైలూ తెరిచి, ఏదో ఒక వాక్యం కాపీ చేసి చూసుకోండి.