బుగ్గలకు ఇంప్లాంట్ పెట్టించుకునే ముందు పళ్లు చూపించుకోండి

ఇటీవల ఒకరికి ఇలా జరిగింది. బుగ్గలు నిండుగా కనిపించాలని చెంపల లోపల ఇంప్లాంట్లు, అంటే సిలికాన్ వంటి పదార్థంతో చేసిన ముక్కలు, పెట్టించుకున్నారు. కొన్ని వారాలకే ఒక చెంప ఎర్రబడి, వాచి, చీము పట్టింది. పెట్టినదాన్ని తీసేయాల్సి వచ్చింది. పైదవడలో పుచ్చిన పన్ను ఒకటి చాలాకాలంగా సలుపుతూనే ఉంది. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని ఆ మాట సర్జన్‌కు చెప్పలేదు.

అర్హత ఉన్న ప్లాస్టిక్ సర్జన్‌నే ఎంచుకోవాలని మీకు ఎవరైనా చెబుతారు. నేను పట్టుబట్టేది పన్ను గురించి. ఈ ఇంప్లాంట్‌ను ఎక్కువగా పైపెదవి లోపల, చిగురుకు పైన కోత పెట్టి చెంప ఎముక మీద అమరుస్తారు. ముఖం మీద మచ్చ పడదు, నిజమే. కానీ అది వెళ్లే దారి సూక్ష్మజీవులు నిండిన నోరు. సిలికాన్‌లో రక్తం ప్రవహించదు. దాని మీద సూక్ష్మజీవులు ఒకసారి పొరగా పేరుకుంటే యాంటీబయాటిక్ వాటిని పూర్తిగా చంపలేదు. అందుకే ఇన్‌ఫెక్షన్ ముదిరితే చాలాసార్లు ఇంప్లాంట్‌ను తీసేయక తప్పదు.

కాబట్టి ముందు దంతవైద్యుడి దగ్గరకు వెళ్లండి. పుచ్చు, చిగుళ్ల వాపు, చీముగడ్డ ఏదున్నా నయం చేయించుకున్నాకే తేదీ ఖరారు చేసుకోండి. పన్ను నొప్పిని మాత్రతో అణచి ఆపరేషన్ టేబుల్ ఎక్కకండి. ఆపరేషన్ వాయిదా పడితే పడనివ్వండి.

ఏ పదార్థంతో చేసిన ఇంప్లాంటో అడగండి. నున్నటి సిలికాన్ చుట్టూ శరీరం ఒక పొర కడుతుంది, అవసరమైతే తీయడం తేలిక. సన్నటి రంధ్రాలుండే పాలీఎథిలిన్ రకంలోకి కణజాలం అల్లుకుపోతుంది, తర్వాత తీయడం కష్టం. ఆ వివరాలు కాగితం మీద రాయించుకుని దాచండి.

పొగతాగడం వారాల ముందే మానండి. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, గాయం త్వరగా మానదు. ఆస్పిరిన్ వంటి రక్తాన్ని పల్చబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి సర్జన్‌కు చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టరును అడగండి. కంటి కింద ఎముకలోంచి బయటికి వచ్చే నరం ఒత్తిడికి గురైతే పైపెదవి, ముక్కు పక్క భాగం తిమ్మిరెక్కుతాయి. చాలామందికి అది క్రమంగా తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. ఇది తెలిసే ఒప్పుకోండి. మొదటి వారాల్లో అద్దం చూసి ఆకారం మీద తీర్పు చెప్పకండి, రెండు వైపులా వాపు ఒకేలా తగ్గదు. తల ఎత్తులో పెట్టుకుని పడుకోండి. బుగ్గలు నొక్కకండి, మర్దన చేయకండి. కుట్లను నాలుకతో తడమకండి. తిన్న ప్రతిసారీ డాక్టరు చెప్పిన మందుతో నోరు పుక్కిలించండి. ఇంప్లాంట్ బదులు ద్రవ సిలికాన్ ఇంజెక్షన్ చేస్తామంటే లేచి వచ్చేయండి. ఏళ్లు గడిచాక పంటి వైద్యానికి వెళ్లినా చెంపలో ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. చెంప వెచ్చబడినా, చీము వాసన వచ్చినా, మానుతున్న వాపు మళ్లీ పెరిగినా ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోకండి, అదే రోజు సర్జన్‌కు చూపించండి. కన్ను నొప్పి పుట్టినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకండి, అత్యవసర విభాగానికి వెళ్లండి.