పారిశ్రామిక ఆమ్లాలతో సురక్షితంగా పనిచేయడం ఎలా?

ఆమ్లాలన్నిటినీ ఒకే గాటన కట్టడం పనిచోట చాలా ప్రమాదకరమైన అలవాటు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్మంలోని నీటిని లాగేసి, అప్పుడు పుట్టే వేడితోనే కాలుస్తుంది. గాఢ నైట్రిక్ ఆమ్లం రంపపు పొట్టునో గుడ్డపీలికనో అంటించగలదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూత తీయగానే పొగలై గొంతు పట్టేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పలచగా ఉంటే తగిలిన క్షణంలో నొప్పి కూడా తెలియదు, గంటల తర్వాత లోపల ఎముక దాకా దెబ్బతీసి ఉంటుంది. ఏ ఆమ్లానికి ఎలాంటి జాగ్రత్త అన్నది మూత తీయకముందే తేల్చుకోవాలి.

1. ముందున్నది ఏమిటో నిర్ధారించుకోండి

లేబుల్ మీద పేరుతో పాటు గాఢత శాతం చూడండి. పది శాతం సల్ఫ్యూరిక్‌కూ, తొంభై ఎనిమిది శాతం సల్ఫ్యూరిక్‌కూ పేరొక్కటే, ప్రవర్తన వేరు. రవాణా డబ్బాల మీద ప్రమాదకర సరుకును గుర్తించే ఐక్యరాజ్యసమితి సంఖ్య కూడా ఉంటుంది: గాఢ సల్ఫ్యూరిక్‌కు 1830, హైడ్రోక్లోరిక్‌కు 1789, హైడ్రోఫ్లోరిక్‌కు 1790.

సరఫరాదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీటులో 16 విభాగాలుంటాయి. అన్నీ బట్టీ పట్టనక్కరలేదు. 4వ విభాగం ప్రథమ చికిత్స, 6వది ఒలికినప్పుడు చేయాల్సినవి, 8వది రక్షణ సామగ్రి, 10వది దేనితో కలిస్తే ప్రమాదమో చెబుతాయి. ఈ నాలుగూ పని మొదలుపెట్టకముందే చదవాలి. లేబుల్ ఊడిపోయిన డబ్బాను వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు. ఆమ్లాన్ని తాగునీటి సీసాల్లో పోసి ఉంచడాన్ని ఏ పరిస్థితిలోనూ సహించకూడదు.

2. నీళ్లు సిద్ధం చేసుకోండి

అత్యవసర షవరు, కళ్లు కడిగే ఐవాష్ పనిచేసే చోటి నుంచి దాదాపు పది సెకన్లలో చేరుకునేంత దగ్గరలో ఉండాలి. మధ్యలో మెట్లు, తాళం వేసిన తలుపు, అడ్డంగా పెట్టిన డ్రమ్ములు ఉండకూడదు. కళ్లు మూసుకుపోయిన మనిషి తడుముకుంటూ అక్కడికి వెళ్లగలడా అని ఊహించి చూడండి. కనీసం 15 నిమిషాలు ఆగకుండా గోరువెచ్చటి నీరు రావాలి. నీరు మరీ చల్లగా ఉంటే ఎవరూ అంతసేపు నిలబడలేరు. వారానికోసారి తిప్పి చూడండి. పక్కన బకెట్టూ మగ్గూ ఉన్నాయి కదా అని సరిపెట్టుకోవద్దు.

గాఢ ఆమ్లంతో ఒంటరిగా పనిచేయవద్దు. షవరు గొలుసు లాగడానికి పక్కన మరో మనిషి ఉండాలి.

3. ఒంటికి తగిన కవచం

కంటికి అంటి ఉండే కెమికల్ గాగుల్స్ పెట్టుకుని, వాటిమీద ఫేస్ షీల్డ్ వేసుకోవాలి. ఒక్క షీల్డే వేసుకుంటే కింది నుంచి చిమ్మిన చుక్క కంట్లో పడుతుంది. గ్లౌజుల విషయంలో తయారీదారు పట్టికే ప్రమాణం. పలచటి నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు పొరపాటున పడ్డ చుక్కకు కాసేపు ఆగుతాయి, అంతే. గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్‌లకు సాధారణంగా బ్యూటైల్ రబ్బరు వంటి మందపాటి గ్లౌజులు కావాలి. తోలు గ్లౌజులు ఆమ్లాన్ని పీల్చుకుని చేతికే పట్టి ఉంచుతాయి. ప్యాంటు అంచులు బూట్లలోకి దూర్చకుండా పైనుంచి వదలండి. లేకపోతే జారిన ఆమ్లం నేరుగా బూటులో చేరి నిలిచిపోతుంది. పని అయ్యాక గ్లౌజులను చేతికుండగానే కడిగి, ఆ తర్వాతే తీయాలి.

ధూళి మాస్కు ఆమ్ల ఆవిరిని ఆపదు. ఆమ్ల వాయువులకు తగిన కార్ట్రిడ్జ్ (గాలిని వడగట్టే డబ్బీ) ఉన్న మాస్కు వాడాలి. నైట్రిక్ నుంచి గోధుమరంగు పొగ లేస్తుంటే మామూలు కార్ట్రిడ్జ్‌ను నమ్ముకోకుండా బయటికి వచ్చేయాలి.

4. పలచన చేసేటప్పుడు: నీళ్లలోకి ఆమ్లం

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత 1.84. అంటే నీటికి దాదాపు రెట్టింపు బరువు. ఆమ్లంలో నీళ్లు పోస్తే అవి పైన తేలి, కలిసేచోట పుట్టే వేడికి క్షణంలో మరిగి, కాగిన నూనెలో నీటి చుక్క పడ్డట్టు ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. అదే నీళ్లలో ఆమ్లం పోస్తే బరువుకు కిందికి దిగుతూ కలుస్తుంది, చుట్టూ ఉన్న నీరు వేడిని పంచుకుంటుంది. అందుకే ముందు పాత్రలో కావలసినంత చల్లటి నీరు తీసుకుని, ఆమ్లాన్ని సన్నటి ధారగా, కలుపుతూ, మధ్యమధ్యలో ఆగుతూ పోయాలి. పాత్ర చేత్తో తాకలేనంత వేడెక్కితే చల్లారేదాకా ఆపండి. మందపాటి గాజు సీసాలు ఈ వేడికి పగులుతాయి, కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి.

ఈ సూత్రం తెలిసినవారు కూడా తప్పు చేసే చోటు ఒకటుంది. ఖాళీ డ్రమ్ము కడుగుదామని అందులో కొంచెం నీళ్లు పోస్తారు. అడుగున రెండు లీటర్ల గాఢ ఆమ్లం మిగిలి ఉంటే అది ఆమ్లంలో నీళ్లు పోయడమే. డ్రమ్మును పూర్తిగా వంపి, సరఫరాదారు చెప్పిన పద్ధతిలోనే కడగాలి.

5. నిల్వ: ఏది దేనిలో, ఏది దేని పక్కన

గాఢ సల్ఫ్యూరిక్‌ను ఉక్కు ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. గోడ మీద ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర లోహాన్ని కాపాడుతుంది. అదే ట్యాంకులోకి తేమ చేరి ఆమ్లం పలచబడితే ఉక్కును తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. పలచనైతే ప్రమాదం తగ్గుతుందని అనుకునేవారికి ఇది మింగుడుపడదు, కానీ ఇది నిజం. అలాంటి ట్యాంకు మీద గానీ డ్రమ్ము మీద గానీ వెల్డింగ్ చేస్తే పేలుతుంది. లోపలి వాయువును పరీక్షించకుండా నిప్పు దగ్గరికి రానివ్వకూడదు.

హైడ్రోక్లోరిక్‌కు ఉక్కు పనికిరాదు, స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పనికిరాదు. పాలిథిన్, ఫైబర్‌గ్లాస్, లోపల రబ్బరు పూత ఉన్న ట్యాంకులు కావాలి. హైడ్రోఫ్లోరిక్‌ను గాజులో పోయకూడదు, గాజునే కరిగిస్తుంది.

అన్నీ ఆమ్లాలే కదా అని ఒకే అల్మారాలో పెట్టవద్దు. ఎసిటిక్ ఆమ్లం మండే స్వభావం ఉన్నది, నైట్రిక్ మండించేది. ఆ రెండూ పక్కపక్కన ఉండకూడదు. నైట్రిక్‌ను చెక్క పలకల మీద కూడా పెట్టకండి. బ్లీచింగ్ ద్రావణం హైడ్రోక్లోరిక్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సయనైడ్ లవణాలు, సల్ఫైడ్లు ఏ ఆమ్లంతో కలిసినా ప్రాణాలు తీసే వాయువులు పుడతాయి. సీసాలు కంటి ఎత్తుకు కిందే ఉండాలి. ట్యాంకు చుట్టూ కట్టే గట్టు అందులోని అతిపెద్ద ట్యాంకు మొత్తాన్నీ పట్టి, ఇంకో పదిశాతం మిగిలేలా ఉండటం మంచి ప్రమాణం.

6. పైపు విప్పేటప్పుడు

పంపు ఆపి, వాల్వులు మూసి తాళం వేసి, లైను ఖాళీ చేసి, ఒత్తిడి సున్నాకు వచ్చిందని చూసుకోండి. అయినా లోపల ఆమ్లం ఉందనే అనుకుని విప్పాలి. ఫ్లాంజికి (పైపులను బోల్టులతో కలిపే అంచుకు) ఎదురుగా నిలబడవద్దు. ముందు మీకు దూరంగా ఉన్న బోల్టులు వదులు చేస్తే, మిగిలినదేదైనా అటువైపే కారుతుంది. ట్యూబును నోటితో పీల్చి ఆమ్లం తోడడం పూర్తిగా నిషిద్ధం.

7. ఒలికితే

మనుషులను గాలి వచ్చే వైపుకు పంపండి. చిన్న ఒలుకైతే, శిక్షణ ఉన్న మనిషి పూర్తి కవచంతో అంచుల నుంచి మధ్యకు వంటసోడా లేదా సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి) చల్లాలి. నురగ ఆగేదాకా ఓపిక పట్టాలి. కాస్టిక్ సోడా వాడితే విపరీతమైన వేడి పుడుతుంది. రంపపు పొట్టు వేస్తే మంటలు లేవవచ్చు. పెద్ద ఒలుకును మీరే అదుపు చేయాలని చూడకుండా అత్యవసర బృందాన్ని పిలవండి.

8. ఒంటి మీద పడితే

వెంటనే నీళ్ల కిందికి వెళ్లండి. బట్టలు షవరు కింద నిలబడే విప్పాలి, విప్పాక వెళదామని ఆగవద్దు. మీద సోడా రాయవద్దు, ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి. నొప్పికి రెప్పలు వాటంతటవే మూసుకుంటాయి కాబట్టి పక్కవారి సాయం అవసరమవుతుంది. మింగితే వాంతి చేయించకూడదు. వాంతైతే గొంతు రెండోసారి కాలుతుంది.

హైడ్రోఫ్లోరిక్‌కు నీళ్లొక్కటే చాలవు. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గుండెను ఆపగలదు. కడిగిన వెంటనే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ జెల్ పనిచోట అందుబాటులో లేకపోతే హైడ్రోఫ్లోరిక్ డబ్బా తెరవనే కూడదు.

నైట్రిక్ పొగ పీల్చినవారు కాసేపటికి తేరుకుని, బాగానే ఉన్నాను ఇంటికి వెళ్తానంటారు. వారిని పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం చాలా గంటల తర్వాత మొదలవుతుంది. డాక్టరు పర్యవేక్షణలో ఉంచి, ఏ ఆమ్లం, ఎంత గాఢత, ఎంతసేపు అన్న వివరాలను సేఫ్టీ డేటా షీటుతో పాటు ఆసుపత్రికి పంపండి.