రోహిణి కార్తెలో గోడ కడుతున్నారా?

వానలు పడేలోపు శ్లాబ్ వేసేయాలని విశాఖలో అందరూ మే నెలలోనే గోడలు లేపుతారు. తప్పేం లేదు. కాకపోతే సిమెంటు ఆరి గట్టిపడేది కాదు, నీళ్లను పట్టుకుని గట్టిపడేది. ఆ నీళ్లు ముందే ఎగిరిపోతే మిగిలేది ఇసుకే.

సముద్రపు గాలి ఉన్న రోజు ఫర్వాలేదు. పడమటి గాలి పొద్దున్నే మొదలైతే మాత్రం మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) తట్టలోనే బిగుసుకుంటుంది. అలాంటి రోజు పదకొండుకల్లా పని ఆపి, మళ్లీ నాలుగింటికి మొదలుపెట్టండి. కూలీలకూ అదే మంచిది.

ఎర్ర ఇటుకల్ని తొట్టెలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, పైతడి ఆరాక పేర్చాలి. నీళ్లు కారుతుంటే ఇటుక జారుతుంది, పొడిగా ఉంటే మాలులోని నీళ్లన్నీ తాగేస్తుంది. ఫ్లై యాష్ (బూడిద) ఇటుకల్ని అలా నానబెట్టొద్దు, కట్టేముందు నీళ్లు చల్లితే చాలు.

సిమెంటు, ఇసుకల్ని తొమ్మిదంగుళాల గోడకు 1:6, నాలుగున్నర అంగుళాల గోడకు 1:4 పాళ్లలో కలుపుతారు. నీళ్లు పోశాక 2 గంటల్లో మాలు అయిపోవాలి, ఎండలో అయితే ఇంకా ముందే. అందుకే నీడలో, కొంచెం కొంచెంగా కలిపించండి. మా ప్రహరీకి పొద్దున కలిపిన మాలులోనే భోజనాల తర్వాత మళ్లీ నీళ్లు కొట్టి వాడేశారు. నేను అక్కడే ఉండి కూడా ఊరుకున్నాను. ఏడాది తిరక్కుండానే మేకుతో గీకితే ఇటుకల సందుల్లోంచి ఇసుక రాలింది.

మాలు ఒకేసారి బారెడు పొడవున పరిచేయనివ్వకండి. మూడు నాలుగు ఇటుకలకు సరిపడా పరిచి, వెంటనే పేర్చాలి. సందు 10 మిల్లీమీటర్లు మించకూడదు. రోజుకు ఐదడుగుల ఎత్తు దాటొద్దు.

బీచ్ వైపు కడుతుంటే బోరు నీళ్లు నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ట్యాంకర్ తెప్పించుకోవడమే మేలు. ఉప్పు గోడమీద తెల్లగా పొంగడమే కాదు, లింటెల్‌ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) లోని ఇనుముకూ తుప్పు పట్టిస్తుంది.

పచ్చి గోడ మీద పైపుతో జోరుగా కొట్టొద్దు, సందులు కొట్టుకుపోతాయి. మొదటి రోజు మెల్లగా చల్లి, తడి గోనెపట్టాలు కప్పండి. కనీసం 7 రోజులు, పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటైతే 10 రోజులు గోడ ఆరకుండా చూసుకోవాలి. పడమటి ముఖం గోడకు రోజుకు రెండుసార్లు నీళ్లు పడితే సరిపోదు.

ఆదివారం మేస్త్రి రాడు. ఆ రోజు నీళ్లు పట్టేదెవరో శనివారమే తేల్చుకోండి.