వానాకాలంలో పర్మనెంట్ స్లైడ్లు: మౌంటెంట్ వేసేముందు జాగ్రత్తలు

తొలకరి పడి వారం తిరగకముందే ల్యాబుల్లో ఒకటే మాట మొదలవుతుంది: "నిన్న సాయంత్రం బాగానే ఉన్నాయండీ, పొద్దున చూస్తే స్లైడ్లన్నీ పాలు పోసినట్టు తెల్లబడిపోయాయి. డీపీఎక్స్ మంచిది కానట్టుంది." డీపీఎక్స్ అంటే మౌంటెంట్, సెక్షన్ మీద వేసి కవర్‌స్లిప్‌ను అంటించే జిగురు ద్రవం. వెంటనే దాని కొత్త సీసా తెప్పిస్తారు. అదీ అంతే అయితే కంపెనీ మారుస్తారు. ఆ స్లైడ్లూ తెల్లబడతాయి. లోపం సీసాలో లేదు, స్లైడు మీది సెక్షన్‌లో, అంటే పలుచగా కోసిన ముక్కలో ఉంది. నీరు పూర్తిగా పోకముందే మౌంటెంట్ వేశారు.

సెక్షన్ కోయడం, రంగు ఎక్కించడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా, కోస్తాలో అయితే తుపాన్ల కాలం ముగిసే డిసెంబరు దాకా, స్లైడ్లను పాడుచేసేది ఈ ఒక్క తప్పే. అందుకే ముందు దీని సంగతి.

నీరు ఎక్కడినుంచి వస్తుంది

డీపీఎక్స్ అంటే జైలీన్‌లో కరిగించిన పాలీస్టైరీన్, దానికి కాస్త సాగుడు ఇవ్వడానికి డైబ్యూటైల్ థాలేట్. పాత ఫార్ములా ప్రకారం డిస్ట్రీన్ (ఆ పాలీస్టైరీన్ పేరే) 10 గ్రాములు, థాలేట్ 5 మి.లీ., జైలీన్ 35 మి.లీ. ఇందులో నీటితో కలిసేది ఏదీ లేదు. సెక్షన్‌లో మిగిలిన తడి బయటికి పోలేదు, మౌంటెంట్‌లో కలవలేదు. సన్నని బిందువులుగా అక్కడే చిక్కుకుని వెలుతురును చెదరగొడుతుంది. మీకు కనిపించే పాల తెలుపు అదే.

రంగు ఎక్కిన సెక్షన్‌ను 70, 90, 100 శాతం ఆల్కహాల్ జార్లలో వరసగా ముంచి నీరు తీస్తాం, ఆపైన జైలీన్‌లో ముంచి మౌంటెంట్ వేస్తాం. ఏప్రిల్‌లో పనిచేసిన పద్ధతే జులైలో ఎందుకు చెడుతుందంటే, అబ్సల్యూట్ (నీరు లేని, 100 శాతం) ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ముసురు పట్టిన రోజు కాప్లిన్ జార్ (స్లైడ్లను ముంచే గాజు పాత్ర) మూత తీసి ఉదయమంతా వదిలేస్తే, సాయంత్రానికి దాని మీద 100 అని రాసి ఉంటుందే గాని లోపల 100 ఉండదు. పైగా 90 శాతం నుంచి వచ్చే ప్రతి స్లైడూ తన వెంట కాస్త నీరు తెచ్చి అందులో వదులుతుంది. చాలా చోట్ల ఎక్సైజ్ అనుమతుల గొడవ ఎందుకని అబ్సల్యూట్ బదులు రెక్టిఫైడ్ స్పిరిట్‌తోనే కానిచ్చేస్తారు. అది సుమారు 95 శాతమే. ఎండాకాలంలో అదృష్టం బాగుంటే గట్టెక్కిస్తుంది, వానల్లో గట్టెక్కించదు. ఇథనాల్ దొరకకపోతే 99 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ మాత్రం వద్దు.

తెలిసినవాళ్లు కూడా ఈ తప్పు చేయడానికి ఒక కారణం ఉంది. రంగు పోతుందన్న భయం. సేఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఆల్కహాల్‌లోకి దిగుతుంటే గుండె ఆగినట్టై గబగబా అన్ని జార్లూ దాటించేస్తారు. తొందరపడాల్సింది అక్కడ కాదు. ఇయోసిన్ లాంటి రంగు ఎక్కువగా పోయేది నీరు ఎక్కువున్న తక్కువ శాతం ఆల్కహాల్‌లో. 70 శాతంలో త్వరగా దాటించండి. అబ్సల్యూట్‌లో మాత్రం తొందర వద్దు. సేఫ్రనిన్ కొంత పోయినా మిగిలేట్టు ముందే చిక్కగా ఎక్కించుకోండి. పలుచని పారఫిన్ సెక్షన్‌కు రెండు వేర్వేరు అబ్సల్యూట్ జార్లలో చెరి 2 నిమిషాలు, బ్లేడుతో కోసిన మందపాటి కాండం సెక్షన్‌కు చెరి 5 నిమిషాలు. ఒక జార్‌లో పది నిమిషాలు ఉంచడం, రెండు జార్లలో ఐదేసి నిమిషాలు ఉంచడం ఒకటి కాదు. రెండోదే నీటిని తీస్తుంది.

పరీక్ష చాలా తేలిక. పరీక్షనాళికలో 5 మి.లీ. శుభ్రమైన జైలీన్ పోసి, మీ చివరి జార్‌లోని ఆల్కహాల్ డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేయండి. వెనకాల నల్ల కాగితం పట్టుకుని చూడండి. ఆల్కహాల్‌లో నీరు లేకపోతే చుక్క మెలికలు తిరుగుతూ కలిసిపోయి మాయమవుతుంది. నీరుంటే కలిసేచోట పొగలాంటి తెల్లటి మబ్బు కడుతుంది. మబ్బు కనబడితే ఆ జార్ పారబోసి కొత్తది పోయాల్సిందే.

నిల్వ సీసాలోకి మైలుతుత్తం మంచి కాపలాదారు. నీలం పలుకుల్ని పింగాణీ గిన్నెలో హాట్‌ప్లేట్ మీద బూడిదతెలుపు పొడి అయ్యేదాకా వేయించండి. నల్లబడితే మాడినట్టే, పారేయండి. తడి లేని సీసాలో మూతపెట్టి చల్లార్చి, ఆల్కహాల్ సీసా అడుగున ఒక సెంటీమీటరు మందాన వేసి పైన ఫిల్టర్ పేపర్ పరచండి. పొడి తెల్లగా ఉన్నంతకాలం ఆల్కహాల్ పొడిగా ఉన్నట్టే. నీలం తిరిగిందంటే నీరు చేరినట్టు. పైతేట మాత్రమే వంచుకోండి, పొడి జార్‌లోకి రాకూడదు.

ఇక అన్నిటికంటే నమ్మకమైన గుర్తు జైలీన్‌లో ఉన్న సెక్షనే. నల్ల కాగితం మీద పెట్టి చూస్తే అది బజ్జీలు పెట్టిన కాగితంలా అంతటా ఒకేలా పారదర్శకంగా కనిపించాలి. మధ్యలో, ముఖ్యంగా ఈనె దగ్గరో దవ్వ దగ్గరో, ఒక మసక మచ్చ ఉన్నా నీరు ఉన్నట్టే. అప్పుడు ముందుకు వెళ్లకండి. తాజా అబ్సల్యూట్‌లోకి వెనక్కి వెళ్లి, మళ్లీ తాజా జైలీన్‌లోకి రండి. "డీపీఎక్స్ వేస్తే అదే సర్దుకుంటుంది" అనేవాళ్ల మాట వినకండి. సర్దుకోదు.

ముసురు తగ్గని రోజుల్లో కార్బాల్ జైలీన్ ఆదుకుంటుంది. 25 గ్రాముల ఫినాల్ 75 మి.లీ. జైలీన్‌లో కరిగించింది. మిగిలిన కొద్దిపాటి నీటిని లాగేస్తుంది. కానీ ఆ తర్వాత రెండుసార్లు ఉత్త జైలీన్‌లో కడగాల్సిందే. ఫినాల్ మిగిలితే సేఫ్రనిన్ లాంటి క్షార రంగులు నెలల్లో వెలిసిపోతాయి. ఫినాల్ చర్మం మీద పడితే చోటు తెల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ఏం కాలేదనుకుంటారు, లోపల కాలుతూనే ఉంటుంది. వెంటనే చాలాసేపు ధారగా నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దేనికి ఏ మౌంటెంట్

ఎంచుకునేముందు అడగాల్సినవి రెండే. మీ నమూనా చివరగా ఏ ద్రవంలో ఉంది? మీరు వేసిన రంగు దేనిలో కరుగుతుంది? "మా దగ్గర డీపీఎక్స్ ఉంది" అనేది కారణం కాదు.

హెమటాక్సిలిన్–ఇయోసిన్, సేఫ్రనిన్–ఫాస్ట్ గ్రీన్, ఇమ్యునో పరీక్షల్లో (ప్రతిరక్షకాలతో ప్రోటీన్లను గుర్తించేవి) వచ్చే డీఏబీ గోధుమరంగు, వీటికి డీపీఎక్స్ సరిగ్గా సరిపోతుంది. వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52, గాజుకు దగ్గర. పసుపెక్కదు.

కెనడా బాల్సమ్ కూడా గాజుకు దగ్గరిదే, దశాబ్దాలు నిలుస్తుంది. అయితే ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పాతబడ్డకొద్దీ పసుపెక్కి ఆమ్లగుణం పొందుతుంది. ఇనుము కోసం వేసే ప్రష్యన్ బ్లూ, మెథిలీన్ బ్లూ లాంటివి అందులో మెల్లగా వెలిసిపోతాయి. కొత్తగా పెట్టేవాళ్లు దీన్ని ఎంచుకోవడానికి నాకు పెద్ద కారణం కనిపించదు.

కొవ్వు కోసం సూడాన్ 3, సూడాన్ 4, ఆయిల్ రెడ్ ఓ వేశారా? ఆల్కహాల్, జైలీన్ రెండూ నిషిద్ధం. అవి కొవ్వునీ రంగునీ కలిపి కడిగేస్తాయి. ఆకు క్యూటికిల్‌కు సూడాన్ వేసినా అంతే. గ్లిజరిన్ జెల్లీ వాడండి. కరిగేంత వరకే వేడిచేయండి, మరిగిస్తే జెలటిన్ గడ్డకట్టే గుణం పోతుంది. ఇమ్యునో పరీక్షల్లో వచ్చే ఏఈసీ ఎరుపు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. దానికీ నీటి ఆధారిత మౌంటెంటే.

పురుగుల రెక్కలు, చిన్న కీటకాలకు యూపరాల్. గుణకం 1.48 కాబట్టి రంగు వేయని రెక్క కూడా అంచులతో స్పష్టంగా కనిపిస్తుంది. అదే రెక్క బాల్సమ్‌లో దాదాపు మాయమవుతుంది. 95 శాతం ఆల్కహాల్ నుంచి నేరుగా మౌంట్ చేయొచ్చు, కొద్ది తడిని సహిస్తుంది. ఖరీదెక్కువే అయినా ఈ కాలానికి మంచి ఎంపిక.

నల్లులు, పేడపురుగుల మీది మైట్లు, నాచుమొక్కలకు హోయర్ మీడియం తేలిక. గమ్ అరబిక్ 30 గ్రా., నీరు 50 మి.లీ., క్లోరల్ హైడ్రేట్ 200 గ్రా., గ్లిజరిన్ 20 మి.లీ. కానీ వానల్లో తేమ పీల్చి జిగటగా ఉండిపోతుంది, ఎండల్లో పలుకులు కడుతుంది. బాగా ఆరబెట్టి అంచులకు వార్నిష్ సీలు వేయకపోతే దాన్ని పర్మనెంట్ అనకండి. ఫంగస్‌కు వాడే లాక్టోఫినాల్ కాటన్ బ్లూ సంగతీ అంతే. సీలు వేసినా అది సెమీ పర్మనెంటే.

డయాటమ్‌లకు (సిలికా గుల్ల ఉన్న సూక్ష్మ నాచులకు) డీపీఎక్స్ వద్దు. సిలికా గుల్ల మీది గీతలు కనబడాలంటే 1.65 పైన గుణకం ఉన్న నాఫ్రాక్స్ లాంటిది కావాలి.

ఇక వరసగా

నోటితో ఊదకండి. రక్తం స్మియర్ (స్లైడు మీద పలుచగా పూసిన రక్తం) ఆరడానికి ఊదితే మీ ఊపిరిలోని తడి దాని మీదే పడుతుంది.

లీష్మన్ రంగు వేసిన రక్తం స్మియర్‌ను ఆల్కహాల్ జార్లలో పెట్టకండి, రంగు పోతుంది. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో అరగంట పూర్తిగా ఆరనిచ్చి నేరుగా డీపీఎక్స్.

వానాకాలంలో త్వరగా ఆరాలని స్పిరిట్ దీపం మీద స్లైడు కాచకండి. జైలీన్ ఆవిరి సుమారు 27 డిగ్రీలకే అంటుకోగలదు, గాలికంటే బరువు, బల్ల మీద పాకి దూరంగా ఉన్న మంటను అందుకుంటుంది. జైలీన్ మూత తీసి ఉన్న గదిలో మంటే ఉండకూడదు.

నైట్రైల్ గ్లవ్స్‌లోంచి జైలీన్ నిమిషాల్లో దిగుతుంది. ఒలికితే వెంటనే మార్చండి. కిటికీ తెరిచో, ఫ్యూమ్ హుడ్ కిందో పని చేయండి.

చిక్కబడ్డ డీపీఎక్స్‌లో జైలీన్ మాత్రమే కలపండి. ఆల్కహాల్ ఎప్పుడూ వద్దు.

జైలీన్‌లోంచి తీశాక సెక్షన్‌ను పూర్తిగా ఆరనివ్వకండి. గాలి దూరి న్యూక్లియస్‌ల మీద నల్లటి గోధుమ మచ్చలు వస్తాయి, వాటిని పిగ్మెంట్ అనుకుని తప్పు చదువుతారు.

22×22 మి.మీ. కవర్‌స్లిప్‌కు ఒక చుక్క, చాలకపోతే రెండు. తక్కువైతే ఆరేకొద్దీ అంచులనుంచి గాలి లోపలికి లాగుతుంది. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి 45 డిగ్రీల వాలుగా దించండి, పైనుంచి వదలకండి.

కవర్‌స్లిప్ మందం 0.17 మి.మీ. ఉండాలి. మందం ఎక్కువైతే 40ఎక్స్ లెన్స్ కింద బొమ్మ మసకగా ఉంటుంది, నింద మళ్లీ మౌంటెంట్ మీదే పడుతుంది.

రోజంతా పడుకోబెట్టే ఉంచండి. నిలువు పెట్టెలో పెట్టడానికి రెండు వారాలు ఆగండి.

ఆయిల్ ఇమ్మర్షన్ (స్లైడు మీద నూనె చుక్క వేసి 100ఎక్స్ లెన్స్‌తో చూడటం) వారం తర్వాతే. తుడిచేటప్పుడు అంచులకు జైలీన్ తగలనివ్వకండి.

గ్లిజరిన్ జెల్లీ స్లైడుకు నెయిల్ పాలిష్ సీలు వేసేముందు అంచు మీది గ్లిజరిన్ తుడవండి. జిడ్డు మీద పాలిష్ అంటదు. ఒక పూత ఆరాక రెండోది.

తెల్లబడ్డ స్లైడును పారేయకండి. కవర్‌స్లిప్ గోరుతో లేపకండి. జైలీన్‌లో పెట్టండి, అదే జారిపోతుంది. కొత్తదైతే గంటల్లో, పాతదైతే రోజులు. తర్వాత తాజా అబ్సల్యూట్ రెండుసార్లు, తాజా జైలీన్ రెండుసార్లు, నల్ల కాగితం మీద పరీక్ష, అప్పుడే మళ్లీ మౌంటెంట్.

తాజా అంటే తాజా. మొన్నటి జార్ కాదు. ఆ జార్‌లోని నీరే ఈ స్లైడును మొదటిసారి పాడుచేసింది.

లేబుల్ మీద పెన్సిల్‌తో తేదీతోపాటు మౌంటెంట్ పేరు రాయండి. మార్కర్ జైలీన్‌లో కరిగిపోతుంది. పేరు లేకపోతే రేపు ఆ స్లైడును విప్పాల్సినవాళ్లకు దాన్ని జైలీన్‌లో నానబెట్టాలో గోరువెచ్చని నీటిలో పెట్టాలో తెలియదు.