మాజీ మేనేజర్ సామర్థ్యాన్ని అంచనా వేయడం ఎలా?

క్లబ్‌ను వీడిన ఫుట్‌బాల్ మేనేజర్ గురించి వాదించే అభిమానులు, ఆయన బాధ్యతలు స్వీకరించేనాటికి జట్టు ఏ స్థితిలో ఉందో, ఆటగాళ్ల కొనుగోలుకు ఎంత డబ్బు దొరికిందో ముందుగా పరిశీలించాలి. ట్రోఫీల లెక్క ఆ తరువాతి మాట.

డేవిడ్ మోయెస్ సంగతే చూడండి. 2002 నుంచి 2013 వరకు ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌ను నడిపిన ఆయన, అలెక్స్ ఫెర్గూసన్ వారసుడిగా ఆరేళ్ల ఒప్పందంపై మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చి, ఒక్క సీజన్ అయినా పూర్తికాకముందే 2014 ఏప్రిల్‌లో పదవి కోల్పోయారు. ఆ కొద్ది నెలలనే కొలమానంగా తీసుకుంటే ఆయన పని అయిపోయిందనే అనిపిస్తుంది. కానీ 2023లో వెస్ట్ హామ్ ఆయన నేతృత్వంలోనే యూరప్ క్లబ్‌ల టోర్నీ అయిన యూరోపా కాన్ఫరెన్స్ లీగ్‌ను గెలుచుకుంది. అందువల్ల మేనేజర్‌కు సామర్థ్యం లేదా, లేక ఆ క్లబ్‌కు ఆయన పద్ధతి సరిపోలేదా అనే రెండు ప్రశ్నలను విడివిడిగా అడగండి. నా దృష్టిలో చర్చకు ఇదే ప్రాణం.

పొగడ్తకూ ఇదే జాగ్రత్త అవసరం. 2012 మేలో చెల్సీకి యూరప్ క్లబ్‌ల అత్యున్నత టోర్నీ ఛాంపియన్స్ లీగ్ అందించిన రొబెర్టో డి మాటియోను అదే ఏడాది నవంబరులో తొలగించారు. ఓడితే ఇంటిముఖం పట్టే నాకౌట్ పోటీలోని కొన్ని మ్యాచ్‌లూ, సీజన్ పొడవునా సాగే 38 మ్యాచ్‌ల ప్రీమియర్ లీగ్ పట్టికా ఒకే విషయాన్ని చెప్పవు.

ఒక మేనేజర్ భవిష్యత్తును అంచనా వేసేటప్పుడు, ఆయన శిక్షణలో యువ ఆటగాళ్లు మెరుగుపడ్డారా, గాయాలు వేధించినప్పుడు వ్యూహం మార్చగలిగారా, మంచి సహాయకులను వెంట తెచ్చుకోగలరా అన్నవి చూడండి. ముఖ్యాంశాల వీడియోలతో సరిపెట్టుకోకుండా, ఓడిన మ్యాచ్‌లను కూడా పూర్తిగా చూసి, రెండో అర్ధభాగంలో ఆయన చేసిన మార్పులను రాసుకోండి.