ప్రమాదకర సరుకు రవాణా – 4వ పాఠం: డ్రమ్ము మీద ముద్ర చదవడం

మెథనాల్ అంటే యూఎన్ 1230 (ఐక్యరాజ్యసమితి ఆ సరుకుకిచ్చిన నంబరు), క్లాస్ 3 (మండే ద్రవం), ప్యాకింగ్ గ్రూప్ 2 (ప్రమాదం మధ్యరకం; గ్రూప్ 1 అన్నిటికన్నా ఎక్కువ, 3 తక్కువ) అని పోయిన పాఠంలో తేల్చుకున్నాం. మరి దేంట్లో పోయాలి? పైడిభీమవరం నుంచి విశాఖ రేవుకి వెళ్లే కంటైనర్‌లో ఎక్కువగా కనబడేది 200 లీటర్ల ఇనప డ్రమ్మే. దాని మీద ముద్ర ఇలా ఉందనుకోండి:

1ఏ1/వై1.4/150/23/ఐఎన్‌డీ

ముందు గుండ్రంలో ‘యూఎన్’ గుర్తుంటుంది. అది చూడగానే ఏదైనా పోసేయొచ్చని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి ఆ పక్కనున్న అంకెల్లో ఉంది.

1ఏ1 అంటే మూత ఊడని ఉక్కు డ్రమ్ము, బిరడాల లోంచే నింపాలి. ‘వై’ ఉంటే గ్రూప్ 2, 3 సరుకులకి పనికొస్తుంది. ‘ఎక్స్’ మూడింటికీ, ‘జెడ్’ గ్రూప్ 3కి మాత్రమే. థయోనిల్ క్లోరైడ్ గ్రూప్ 1, కాబట్టి ఈ డ్రమ్ము దగ్గరకే రానివ్వకండి.

1.4 అనేది ఈ డ్రమ్ములో పోయదగ్గ ద్రవానికి గరిష్ఠ సాంద్రత (నీరు 1 అనుకుంటే). మెథనాల్ 0.79, ఇబ్బంది లేదు. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ కూడా గ్రూప్ 2యే, కానీ సాంద్రత 1.84. అంత బరువుతో కింద పడితే తట్టుకుంటుందని ఈ డ్రమ్ముకి పరీక్ష జరగలేదు. అక్షరం సరిపోయింది కదా అని అంకె చూడకుండా వదిలేస్తారు, తప్పు జరిగేది ఇక్కడే.

150 నీటిపీడన పరీక్ష, కిలోపాస్కల్స్‌లో. 23 తయారైన ఏడాది, ఐఎన్‌డీ మన దేశం.

ఇక నింపడం. 55 డిగ్రీల వేడిలో కూడా డ్రమ్ము పూర్తిగా నిండిపోకూడదన్నది నియమం. 30 డిగ్రీల దగ్గర పోసిన 200 లీటర్ల మెథనాల్ 55 డిగ్రీలకి దాదాపు 206 అవుతుంది. ఎండలో నిలబెట్టిన కంటైనర్‌లో ఆ ఆరు లీటర్లకి చోటు లేకపోతే డ్రమ్ము ఉబ్బుతుంది, బిరడా దగ్గర ఊరుతుంది. అందుకే కంటి అంచనాతో కాదు, కాటా మీద తూచి నింపండి. బిరడాని డ్రమ్ము తయారీదారు చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) బిగించండి. బలం కొద్దీ తిప్పితే వాషర్ నలిగిపోతుంది, కారడం అక్కడే మొదలవుతుంది.

ప్లాస్టిక్ డ్రమ్ముకైతే ఇంకో మెలిక: తయారైన నాటి నుంచి ఐదేళ్లే ఆయుష్షు.

అభ్యాసం: ప్లాస్టిక్ డ్రమ్ము, 1హెచ్1/వై1.9/100/21, నెల ముద్ర జూన్. 2026 ఆగస్టులో 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ నింపి పంపొచ్చా? జవాబు 5వ పాఠంలో.